ఎమర్జెన్సీ మెడిసిన్ సర్టిఫికెట్ కోర్సు: విశాఖ డాక్టర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఎంబీబీఎస్ పూర్తి చేసి విశాఖలోనో, అనకాపల్లి, విజయనగరం, పాడేరు వైపో క్యాజువాలిటీ డ్యూటీలు చేస్తున్న డాక్టర్లు నన్ను అడిగే ప్రశ్నలివి. క్యాజువాలిటీలో పనిచేస్తూ, కొత్తగా వచ్చినవాళ్లకు నేర్పుతూ నాకు తెలిసినదే ఇక్కడ రాస్తున్నాను. ఏ సంస్థనూ సిఫార్సు చేయడం లేదు.

ఈ కోర్సు ఎవరి కోసం?

ముఖ్యంగా ఎంబీబీఎస్ డాక్టర్ల కోసం. హౌస్ సర్జన్సీ అయిపోయి ప్రైవేటు ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరుగా చేరినవాళ్లు, పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్లు, సీహెచ్‌సీలో (సామాజిక ఆరోగ్య కేంద్రంలో) రాత్రంతా ఒక్కరే ఉండేవాళ్లు, ఫ్యాక్టరీల ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసేవాళ్లు ఎక్కువగా చేరతారు. జనరల్ మెడిసిన్, ఆర్థో చేసినవాళ్లు కూడా అప్పుడప్పుడూ వస్తుంటారు.

ఉత్తరాంధ్రలో అర్ధరాత్రి దాటాక గుండెపోటుతో వచ్చిన మనిషిని మొదట చూసేది దాదాపుగా ఎంబీబీఎస్ డాక్టరే. స్పెషలిస్టు ఇంట్లో ఉంటారు, లేదా ఫోన్లో దొరుకుతారు, లేదా వంద కిలోమీటర్ల అవతల ఉంటారు. ఆ మొదటి పది నిమిషాల్లో ఏం జరిగినా ఆ డ్యూటీ డాక్టరు చేతుల మీదుగానే జరగాలి. కోర్సు ఆ పది నిమిషాల కోసమే.

ఎంబీబీఎస్‌లో ఇవన్నీ చదివే వచ్చాం కదా. మళ్లీ ఎందుకు?

చదివారు, నిజమే. అయితే చదివిన వరుస వేరు, క్యాజువాలిటీలో కనిపించే వరుస వేరు. పుస్తకంలో ముందు జబ్బు పేరు ఉంటుంది, తర్వాత లక్షణాలు వస్తాయి. ఇక్కడ పేరు లేని మనిషి ఆయాసపడుతూ వస్తాడు. కారణం తెలిసేలోపే వైద్యం మొదలుపెట్టాలి.

తరగతిలో తప్పకుండా చెప్పే కేసు ఒకటుంది. ఏజెన్సీ ఊరి నుంచి పదిహేనేళ్ల అబ్బాయిని తెల్లవారుజామున తీసుకొస్తారు. "రాత్రి బాగానే పడుకున్నాడండి, లేచేసరికి కడుపునొప్పి అంటున్నాడు" అంటుంది తల్లి. ఒంటి మీద గాటు లేదు, వాపు లేదు. గ్యాస్ నొప్పి అనుకుని ఇంజెక్షన్ ఇచ్చి పడుకోబెట్టడం చాలా తేలిక. నేర్చుకున్న డాక్టరు మాత్రం రెండు ప్రశ్నలు అడుగుతారు. ఎక్కడ పడుకున్నాడు? నేల మీద. గొంతు ఎలా ఉంది? మాట ముద్దగా వస్తోంది. అప్పుడు వేలు పైకెత్తి, "ఇటు చూడు బాబూ, తల కదపకుండా కళ్లతోనే చూడు" అంటారు. రెప్పలు సగానికే ఆగిపోతాయి. అది కట్లపాము కాటు. నొప్పి తెలియనివ్వదు, మచ్చ కూడా మిగలకపోవచ్చు. అక్కడి నుంచి ఊపిరి కండరాలు పడిపోవడానికి ఎక్కువ సేపు పట్టదు. మన దగ్గరున్న యాంటీవీనమ్ నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అనే నాలుగింటి విషానికి పనిచేస్తుంది. కానీ అప్పటికే నరాలను పట్టేసిన కట్లపాము విషాన్ని అది వెనక్కి లాగలేదు. పిల్లాడిని బతికించేది శ్వాసనాళంలోకి సమయానికి వేసిన ట్యూబు, ఆగకుండా నొక్కి ఊపిరి అందించిన ఆంబూ బ్యాగ్.

ఈ సంగతులు ఎంబీబీఎస్ పుస్తకాల్లో లేవని కాదు. తెల్లవారుజామున నిద్రమత్తులో, పక్కన మరో ముగ్గురు రోగులు ఉండగా అవి గుర్తుకు రావాలంటే చేయించి నేర్పినవాళ్లు ఉండాలి.

కోర్సు చేస్తే నేను ఎమర్జెన్సీ స్పెషలిస్టునవుతానా?

కాదు. ఇది ముందే తెలుసుకుని చేరండి.

మన దేశంలో ఎమర్జెన్సీ మెడిసిన్‌ను ప్రత్యేక స్పెషాలిటీగా భారత వైద్య మండలి 2009లో గుర్తించింది. ఇందులో డీఎన్‌బీ అనే పీజీ కోర్సు 2013లో వచ్చింది. స్పెషలిస్టు అనిపించుకోవాలంటే నీట్ పీజీ లాంటి ప్రవేశ పరీక్ష రాసి, మూడేళ్ల ఎండీ గానీ డీఎన్‌బీ గానీ చేయాలి. ప్రైవేటు ఆసుపత్రులు, సంఘాలు ఇచ్చే సర్టిఫికెట్లు, ఫెలోషిప్‌లు, మాస్టర్స్ పేరుతో ఉన్న కోర్సులు మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌లో అదనపు అర్హతగా చేరవు. ఆ శాఖలో ప్రత్యేక అర్హత లేకుండా స్పెషలిస్టునని చెప్పుకోకూడదని 2002 నాటి వైద్య నైతిక నియమావళి స్పష్టంగా చెబుతోంది. కాబట్టి బోర్డు మీద, ప్రిస్క్రిప్షన్ మీద "ఎమర్జెన్సీ స్పెషలిస్టు" అని రాసుకోవద్దు.

"ఇది ఎండీతో సమానం" అని ఎవరైనా ఫోన్లో చెబితే ఆ మాటను కాగితం మీద రాసి ఇమ్మనండి. రాసివ్వరు. అక్కడితో మీకు విషయం అర్థమైపోతుంది. ఈ ఒక్క అబద్ధం నమ్మి రెండు మూడేళ్లు, లక్షల రూపాయలు పెట్టిన పిల్లలను చూశాను. వాళ్లు నేర్చుకున్న పని మంచిదే, కానీ ప్రభుత్వ నియామకానికి దరఖాస్తు పెట్టేదాకా నిజం తెలియకపోవడం అన్యాయం.

మరి ఎంఆర్‌సీఈఎం సంగతి?

అది బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఎమర్జెన్సీ మెడిసిన్ నిర్వహించే పరీక్ష. మూడు దశల్లో ఉంటుంది. సిలబస్ గట్టిది, దానికి చదివితే మీ ఆలోచన పదునెక్కుతుంది. బ్రిటన్ వెళ్లాలనుకునేవారికి ఉపయోగం కూడా. కానీ అదొక్కటే చేతిలో ఉంటే ఇక్కడ ఎండీ ఎమర్జెన్సీ మెడిసిన్‌గా లెక్కకు రాదు. కొన్ని సర్టిఫికెట్ కోర్సులు ఈ పరీక్షకు సిద్ధం చేస్తామంటాయి. అలాంటప్పుడు పాఠాలతో పాటు రోగుల దగ్గర చేయించే పని ఎంత ఉందో కూడా చూడండి.

బీఎల్‌ఎస్, ఏసీఎల్‌ఎస్ కార్డులు ఉన్నాయి. చాలవా?

అవి పునాది. వాటి మీద కట్టాల్సింది ఇంకా చాలా ఉంది.

అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కార్డులు రెండేళ్ల వరకే చెల్లుతాయి, ప్రమాద గాయాల చికిత్స నేర్పే ఏటీఎల్‌ఎస్ నాలుగేళ్లు చెల్లుతుంది. నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, కనీసం 5 సెంటీమీటర్ల లోతు, 30 నొక్కులకు 2 శ్వాసలు, అడ్రినలిన్ 1 మిల్లీగ్రాము 3 నుంచి 5 నిమిషాలకోసారి. ఇవి ఆ చిన్న కోర్సుల్లోనే వచ్చేస్తాయి. గుండె ఆగిపోయినవాళ్లకు ఏం చేయాలో ఆ కార్డులు నేర్పుతాయి. గుండె ఆగకముందే, ఆగబోతోందని పసిగట్టడం మాత్రం రోగులను చూస్తూ చూస్తూ నేర్చుకోవాల్సిందే.

ఏటీఎల్‌ఎస్ ఎలా పుట్టిందో తెలిస్తే ఇలాంటి శిక్షణ ఎందుకో బాగా అర్థమవుతుంది. 1976లో అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో జేమ్స్ స్టైనర్ అనే ఎముకల డాక్టరు నడుపుతున్న చిన్న విమానం పొలంలో కూలింది. భార్య అక్కడే చనిపోయింది, పిల్లలకు తీవ్ర గాయాలు. దగ్గరి ఊరి ఆసుపత్రికి చేరితే అక్కడి వాళ్లకు ఏది ముందు చూడాలో, ఏది తర్వాతో తెలియలేదు. ఆ అనుభవంతో ఆయన, మరికొందరు డాక్టర్లు కలిసి 1978లో మొదటి కోర్సు పెట్టారు. 1980లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ దాన్ని తీసుకుంది. చిన్న ఊరి ఆసుపత్రిలో ఉన్న మామూలు డాక్టరు కోసం పుట్టిన కోర్సు అది. మన నర్సీపట్నం, చోడవరం డాక్టరుకు కావాల్సిందీ సరిగ్గా అదే.

ఏమేం నేర్పుతారు?

ఏ మంచి కోర్సులోనైనా శ్వాసమార్గం, షాక్, ఛాతీ నొప్పి, ఈసీజీ, పక్షవాతం, ఫిట్స్, ప్రమాద గాయాలు, విషాలు, పసిపిల్లలు, గర్భిణులు, ట్రయాజ్ (రోగులను తీవ్రతను బట్టి విడదీయడం), మెడికో లీగల్ రాతలు ఉంటాయి. అన్నిటి గురించీ రాయను. అందరూ భయపడే ఇంట్యుబేషన్ (శ్వాసనాళంలోకి ట్యూబు వేయడం) గురించే కాస్త వివరంగా చెబుతాను.

బొమ్మకు ట్యూబు వేయడం ఒక మధ్యాహ్నంలో వచ్చేస్తుంది. కానీ బొమ్మకు బీపీ పడిపోదు, వాంతి రాదు, ఆక్సిజన్ తగ్గిపోదు. మనిషికి అవన్నీ ఒకేసారి వస్తాయి. అందుకే ట్యూబు వేయడం కంటే దానికి ముందు చేసే పనికే ఎక్కువ సమయం పెట్టాలి. సక్షన్ పనిచేస్తోందా, అది తలగడ కిందకు అందేంత దగ్గరలో ఉందా? చెవి రంధ్రం, ఛాతీ ముందు ఎముక ఒకే ఎత్తులోకి వచ్చేలా తల కింద దుప్పట్లు పెట్టారా? మూడు నిమిషాలు ఆక్సిజన్ నింపారా? బీపీ ముందే తక్కువగా ఉంటే సెలైన్, నోర్‌అడ్రినలిన్ సిద్ధంగా ఉన్నాయా? ట్యూబు పడకపోతే తర్వాత ఏం చేస్తారో సిస్టర్‌కు పైకి చెప్పారా? ఇవన్నీ అయ్యాకే లారింగోస్కోపు చేతికి తీసుకోవాలి.

మందుల ఎంపికలో కూడా మన ప్రాంతానికి ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటుంది. పురుగుల మందు తాగినవారికి, ట్యూబు వేసేందుకు కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ ఇస్తే, దాన్ని విరిచేసే ఎంజైమ్‌ను ఆ విషం ముందే అడ్డుకుని ఉంటుంది కాబట్టి, నిమిషాల్లో దిగిపోవాల్సిన మందు ప్రభావం గంటల తరబడి ఉండిపోవచ్చు. అక్కడ రోక్యురోనియం మేలు. ట్యూబు వేశాక అది శ్వాసనాళంలోనే ఉందని, ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్‌ను చూపే క్యాప్నోగ్రాఫ్‌తో నిర్ధారించుకోవాలి. ఛాతీ కదిలింది, స్టెతస్కోపులో వినిపించింది అన్నంత మాత్రాన నమ్మకూడదు.

ఇంకొకటి, మాట్లాడే పద్ధతి. సీపీఆర్ జరుగుతున్న గదిలో "అడ్రినలిన్ ఇవ్వండి" అని గాల్లోకి అంటే ఎవరూ ఇవ్వకపోవచ్చు, ఇద్దరు ఇచ్చేయనూ వచ్చు. "లక్ష్మి సిస్టర్, అడ్రినలిన్ ఒక మిల్లీగ్రాము ఇవ్వండి" అనాలి. "ఒక మిల్లీగ్రాము ఇచ్చాను సార్, టైము రెండూ పది" అని ఆవిడ తిరిగి చెప్పాలి. టైము రాసే మనిషి అది రాయాలి. ఇది అలవాటయ్యేదాకా చేయించని కోర్సు అసంపూర్ణమే అని నా అభిప్రాయం.

విశాఖకు ప్రత్యేకంగా నేర్చుకోవాల్సింది ఏమైనా ఉందా?

చాలా ఉంది. విదేశీ పుస్తకాల మీదే నడిచే కోర్సులు మన దగ్గర చాలవని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

మొదట విషాలు. పురుగుల మందు కేసులు మన క్యాజువాలిటీలకు కొత్త కాదు. ఆర్గానోఫాస్ఫేట్ అయితే అట్రోపిన్‌ను ఐదేసి నిమిషాలకు రెట్టింపు చేస్తూ పోవాలి. ఎప్పటిదాకా? ఊపిరితిత్తులు పొడిగా అయ్యి, గుండె వేగం, బీపీ నిలబడేదాకా. కళ్లపాపలు పెద్దవయ్యాయనో, గుండె వేగంగా కొట్టుకుంటోందనో ముందే ఆపేయకూడదు. గడ్డిమందు పారాక్వాట్ అయితే లెక్క పూర్తిగా వేరు. అవసరం లేకుండా ఇచ్చే ఆక్సిజన్ ఊపిరితిత్తులను ఇంకా దెబ్బతీస్తుంది. వచ్చిన ప్రతి రోగికీ మాస్క్ పెట్టేసే అలవాటును ఇక్కడ ఆపుకోవాలి. సాచురేషన్ బాగా పడితేనే ఇవ్వాలి. పచ్చగన్నేరు పప్పు తిన్నవారిలో గుండె కొట్టుకోవడం నెమ్మదిస్తుంది, బ్లాకులు వస్తాయి. "వాంతులే కదా" అని ఈసీజీ తీయకుండా పంపించేయకూడదు. తలకు వేసుకునే రంగు తాగినవారిలో మెడ, ముఖం, నాలుక గంటల్లో ఉబ్బిపోయి ఊపిరి ఆడదు, ట్రాకియాస్టమీ (గొంతుకు రంధ్రం చేసి ట్యూబు పెట్టడం) దాకా వెళ్లవచ్చు. తర్వాత మూత్రం నల్లబడి కిడ్నీలు దెబ్బతింటాయి. వీటి గురించి లండన్‌లో రాసిన పాఠంలో ఒక పేరా దొరకడం కష్టం. మన దగ్గర మాత్రం ఇవి నేర్వకుండా డ్యూటీ ఎక్కకూడదు.

తర్వాత ఫ్యాక్టరీలు. ఓడరేవు, రిఫైనరీ, స్టీల్‌ప్లాంటు, పరవాడ ఫార్మా యూనిట్లు అన్నీ జనం మధ్యే ఉన్నాయి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి లీకైనప్పుడు నిద్రలో ఉన్నవాళ్లు లేచి పరుగెత్తి రోడ్ల మీదే పడిపోయారు. వందల మంది విశాఖ ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కు, ఇతర ఆసుపత్రులకు చేరారు. అలాంటి రోజున ఒక్కో రోగినీ నిదానంగా చూస్తూ కూర్చుంటే కుదరదు. గేటు దగ్గరే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అని విడదీయాలి. రసాయనం అంటిన బట్టలు తీయించి, నీళ్లతో కడిగాకే లోపలికి పంపాలి, లేదంటే సిబ్బంది కూడా పడిపోతారు. ఈ కడిగే పని ఎక్కడ, ఎవరు, ఏ కుళాయి దగ్గర చేస్తారో ముందే నిర్ణయించుకోవాలి. కోర్సులో సామూహిక ప్రమాదాల పాఠం ఉందా అని అడగండి. ఉంటే, దాన్ని స్లైడ్లతో సరిపెడతారా, ఆరుబయట డ్రిల్లు చేయిస్తారా అని కూడా అడగండి.

సముద్రం సరేసరి. ఆర్కే బీచ్, యారాడ, భీమిలి దగ్గర మునిగినవారిని ఒడ్డుకు తెచ్చాక బోర్లా పడుకోబెట్టి పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం మనవాళ్ల అలవాటు. దానివల్ల సమయం పోతుంది, కడుపులోది ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. మునిగినవారి గుండె ఆగేది ఆక్సిజన్ అందక. అందుకే వాళ్లకు ముందు శ్వాస ఇవ్వాలి, ఆ తర్వాత ఛాతీ నొక్కాలి. బీచ్ గార్డులకు, మత్స్యకారులకు ఇది నేర్పగలిగిన డాక్టరు ఊరికి ఎంతో మేలు చేసినట్టు.

ఇక ఏజెన్సీ. పాడేరు నుంచి విశాఖకు ఘాట్ రోడ్డు మీద వంద కిలోమీటర్లకు పైనే. ఆ పైన ఊళ్ల నుంచి రోడ్డు దాకా డోలీలో మోసుకొచ్చే సమయం వేరు. 2005 ఆగస్టు 15న మొదలైన 108 సేవ చాలా ప్రాణాలు నిలిపింది, కానీ అంబులెన్సు ఎక్కేలోపు పీహెచ్‌సీలో ఏం చేశారన్నదే ఆ ప్రయాణం ఎలా ముగుస్తుందో నిర్ణయిస్తుంది. కాన్పు తర్వాత రక్తం పోతున్న తల్లికి మొదటి 3 గంటల్లో ట్రనెక్సామిక్ ఆమ్లం 1 గ్రాము, ఆక్సిటోసిన్, గర్భాశయ మర్దన. ఫిట్స్ వచ్చిన గర్భిణికి మెగ్నీషియం సల్ఫేట్ మొదటి మోతాదు. ఇవి ఇచ్చాకే బండి ఎక్కించాలి.

మా సీహెచ్‌సీలో క్యాథ్‌ల్యాబ్ లేదు, సీటీ లేదు. నేర్చుకుని ఏం చేయగలం?

చాలా చేయగలరు. ఛాతీ నొప్పితో వచ్చినవారికి 10 నిమిషాల్లో ఈసీజీ తీయడానికి, యాంజియోప్లాస్టీ చేసే క్యాథ్‌ల్యాబ్ అక్కర్లేదు. ఈసీజీలో ఎస్టీ అనే భాగం ఎత్తుగా ఉండి గుండెపోటు అని తేలితే, వెంటనే యాంజియోప్లాస్టీ అందే దారి లేకపోతే, వ్యతిరేక సూచనలు లేవని చూసుకుని 30 నిమిషాల్లో రక్తపుగడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలి. మన రాష్ట్రంలో సీహెచ్‌సీ, ఏరియా ఆసుపత్రుల్లో ఈసీజీని పెద్ద ఆసుపత్రి కార్డియాలజిస్టుకు పంపి, టెనెక్టెప్లేస్ ఉచితంగా ఇచ్చే ఏర్పాటు ఉంది. మందు ఫ్రిజ్‌లో ఉన్నా, ఈసీజీ చదివి "ఇది గుండెపోటే" అని ధైర్యంగా చెప్పగలిగే డాక్టరు లేకపోతే అది అక్కడే ఉండిపోతుంది.

గుండె కింది గోడకు వచ్చిన పోటులో ఈసీజీకి కుడివైపు లీడ్లు కూడా తీయండి. కుడి గదికి దెబ్బ తగిలి ఉంటే నాలుక కింద నైట్రేట్ పెట్టగానే బీపీ కూలిపోతుంది. ఇంత చిన్న విషయం తెలిసి ఉండటం వల్ల దారిలో ఒక ప్రాణం నిలుస్తుంది.

పక్షవాతంలో మాత్రం సీటీ లేకుండా ఇంజెక్షన్ ఇవ్వకూడదు. అక్కడ మీ పని, చివరిసారి మామూలుగా ఎప్పుడు ఉన్నారో గంట, నిమిషంతో సహా రాయడం, షుగర్ చూడడం, నాలుగున్నర గంటల గడువు గుర్తుపెట్టుకుని సీటీ ఉన్నచోటికి ఫోన్ చేసి మరీ పంపడం. రక్తపింజరి అనుమానం ఉంటే ల్యాబ్ లేకపోయినా శుభ్రమైన పొడి గాజు ట్యూబులో రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డకట్టిందో లేదో చూడవచ్చు. ప్లాస్టిక్ ట్యూబు పనికిరాదు.

అల్ట్రాసౌండ్ నేర్పుతారా?

మంచి కోర్సుల్లో నేర్పుతారు. పొట్టలో రక్తం, గుండె చుట్టూ నీరు, ఊపిరితిత్తి చుట్టూ గాలి మంచం పక్కనే చూడగలగడం పెద్ద బలం. అయితే గర్భస్థ లింగ నిర్ధారణ నిరోధక చట్టం కింద మెషిన్ రిజిస్టరై ఉండాలి, దాన్ని ఎవరు వాడవచ్చన్నదానికి నిబంధనలు ఉన్నాయి. మీ ఆసుపత్రి ఆ కాగితాలు పూర్తి చేసిందో లేదో కనుక్కోకుండా ప్రోబు పట్టుకోవద్దు.

కోర్సు ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి?

బ్రోచరు మీద ఉన్న విదేశీ లోగో చూసి చేరవద్దు. అక్కడ ఇప్పుడు చదువుతున్నవాళ్లను కలిసి, రాత్రి డ్యూటీలో వాళ్ల పక్కన ఎవరు ఉంటారో అడగండి. "కన్సల్టెంట్ గారు ఫోన్లో ఉంటారు" అంటే ఆ కోర్సు పేరుతో మీ చేత చవకగా డ్యూటీలు చేయించుకుంటున్నారని అర్థం. కన్సల్టెంట్ అదే గదిలో ఉండి, మీరు ట్యూబు వేస్తుంటే వెనుక నిలబడి చూడాలి. అదే శిక్షణ.

రోజుకు ఎన్ని కేసులు వస్తాయి, వాటిలో ఎర్ర ట్రయాజ్ ఎన్ని అన్నది రెండో ప్రశ్న. కార్పొరేట్ ఆసుపత్రి ఎంత అందంగా ఉన్నా, అన్నీ ముందే ఖరారైన గుండె కేసులే వస్తే మీకు విషాలు, ప్రమాదాలు, పసిపిల్లలు కనిపించరు. ప్రభుత్వ పెద్దాసుపత్రిలో కొంతకాలం రొటేషన్ ఉంటే చాలా మంచిది. 1923లో ఆంధ్రా మెడికల్ కాలేజీ మొదలైనప్పటి నుంచీ కేజీహెచ్ ఉత్తరాంధ్రకంతా పెద్ద దిక్కు, ఒడిశా సరిహద్దు జిల్లాల నుంచి కూడా అక్కడికే వస్తారు. అక్కడి క్యాజువాలిటీలో ఒక్క రాత్రి నిలబడితే కనిపించే రకరకాల జబ్బులు మరోచోట నెలరోజులకైనా కనిపించవు.

లాగ్‌బుక్ ఉందా, దాన్ని ఎవరైనా నిజంగా చదివి సంతకం పెడతారా చూడండి. చనిపోయిన కేసుల మీద వారానికోసారి కూర్చుని, ఎవరినీ నిందించకుండా మాట్లాడుకునే అలవాటు ఉందా అడగండి. ఆ మీటింగు జరిగే చోట నేర్పడం మీద మనసు ఉన్నట్టే.

ఫీజులో ఏసీఎల్‌ఎస్, ఏటీఎల్‌ఎస్ కలిసి ఉన్నాయా, విడిగా కట్టాలా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరి దగ్గరా డిపాజిట్ చేయకండి.

ఏడాది కోర్సుకు డబ్బు, సమయం లేవు. చిన్న కోర్సులు ఉన్నాయా?

ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ కలిసి తయారుచేసిన బేసిక్ ఎమర్జెన్సీ కేర్ కోర్సు ఐదు రోజులది. వసతులు తక్కువగా ఉన్న ఆసుపత్రులను దృష్టిలో పెట్టుకునే రాశారు, పుస్తకం ఉచితంగా దొరుకుతుంది. ప్రమాదం, ఆయాసం, షాక్, స్పృహ తప్పడం అనే నాలుగు గుమ్మాల నుంచి రోగిని చూడటం నేర్పుతుంది. పీహెచ్‌సీ డాక్టరుకు ఇంతకంటే మంచి మొదలు నాకు కనిపించలేదు. కేంద్ర ఆరోగ్య శాఖ 2021లో మొదలుపెట్టిన నేషనల్ ఎమర్జెన్సీ లైఫ్ సపోర్ట్ కోర్సు కూడా డాక్టర్లు, నర్సులు, పారామెడిక్‌ల కోసమే.

ఆన్‌లైన్‌లోనే చేసేయవచ్చా?

పాఠాలు వినడానికి సరే. చేతిపని ఆన్‌లైన్‌లో రాదు. పూర్తిగా ఆన్‌లైన్‌లో నడిచే ఎమర్జెన్సీ సర్టిఫికెట్‌కు నేనైతే రూపాయి కూడా పెట్టను.

నీట్ పీజీకి చదువుతున్నాను. రెండూ కుదురుతాయా?

ఏడాది కోర్సు, వారానికి నాలుగైదు డ్యూటీలు, నీట్ పీజీ, ఈ మూడూ ఒకేసారి మోయడం కష్టం. ర్యాంకు మీ మొదటి లక్ష్యమైతే ఇప్పుడు ఏసీఎల్‌ఎస్, ఐదు రోజుల కోర్సు చేసి చదువు మీద కూర్చోండి. ఎమర్జెన్సీలోనే స్థిరపడాలని మనసులో ఉంటే ఎండీ, డీఎన్‌బీ సీటు కోసమే ప్రయత్నించండి, సర్టిఫికెట్ దానికి ప్రత్యామ్నాయం కాదు. ఈ రెండూ కాక, జనరల్ ప్రాక్టీసు చేసుకుంటూ ఊళ్లోనే ఉండాలనుకునేవారికి ఏడాది కోర్సు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడుతుంది. ఈ మాట వాళ్లతో ఎవరూ చెప్పరు.

జీతం పెరుగుతుందా?

ప్రైవేటులో కొంత పెరగవచ్చు. ప్రభుత్వ ఉద్యోగంలో దీనివల్ల ఇంక్రిమెంట్ వస్తుందని ఆశ పెట్టుకోవద్దు.

యాక్సిడెంట్ కేసు వస్తే పోలీసులు వచ్చేదాకా ఆగాలా?

ఒక్క నిమిషం కూడా ఆగక్కర్లేదు. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు ప్రాణం కాపాడటమే డాక్టరు మొదటి బాధ్యత అని, ఏ చట్టపరమైన లాంఛనమూ దానికి అడ్డు రాకూడదని తేల్చి చెప్పింది. ప్రమాదంలో పడినవారిని తెచ్చిన బాటసారిని పేరు, చిరునామా చెప్పమని బలవంతం చేయకూడదని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చెబుతోంది. అత్యాచార, యాసిడ్ దాడి బాధితులకు ప్రైవేటు ఆసుపత్రి అయినా వెంటనే ఉచితంగా చికిత్స చేయాలి, పోలీసులకు తెలపాలి. ఇది ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 397వ సెక్షన్.

ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు నివేదిక) రాయడం వైద్యం మొదలయ్యాక చేసే పని. గాయం కొలత, రంగు, స్థానం, వచ్చిన సమయం, ఎవరు తెచ్చారు, రోగి ఏం చెప్పాడు, అన్నీ చదవగలిగే చేతిరాతతో రాయండి. మద్యం వాసన వస్తే "వాసన ఉంది" అని రాయండి, "తాగి ఉన్నాడు" అని తీర్పు ఇవ్వకండి. తాగినవాడి తలలో రక్తస్రావం ఉండి, తాగిన మత్తే అనుకుని వదిలేయడం క్యాజువాలిటీలో అందరూ భయపడాల్సిన పొరపాటు.

బంధువులు కోపంతో మీదికి వస్తే? ఆడపిల్లలకు రాత్రి డ్యూటీలు సురక్షితమేనా?

ఆసుపత్రుల మీద దాడులను నేరంగా చూసే చట్టం మన రాష్ట్రంలో 2008 నుంచి ఉంది. కానీ చట్టం వచ్చేది దాడి జరిగాక. ముందు జరగాల్సింది గేటు దగ్గర మనిషి, రోగితో ఒక్కరినే లోపలికి పంపే నియమం, అలారం బటన్, తాళం ఉన్న డ్యూటీ రూము, దానికి పక్కనే టాయిలెట్. చేరేముందు ఆ గది చూసి రండి. అది చూపించడానికి వెనుకాడే చోట చేరవద్దు.

రెండో సగం మన మాటల్లో ఉంది. ఆందోళనలో ఉన్న తండ్రికి ఇరవై నిమిషాలు ఎవరూ ఏమీ చెప్పకపోతే కోపం వస్తుంది. మధ్యలో ఒకసారి బయటికొచ్చి, "బాబాయ్, మీ అబ్బాయికి ఊపిరి అందడం లేదు, మెషిన్ పెట్టాం, ఇంకా ప్రమాదంలోనే ఉన్నాడు, అరగంటలో మళ్లీ వచ్చి చెబుతాను" అనండి. అరగంటకు నిజంగానే రండి. మరణవార్త చెప్పాల్సి వస్తే కూర్చోబెట్టి, "చనిపోయారు" అనే మాటనే వాడండి. "కష్టంగా ఉంది", "చేతులు దాటిపోయింది" అంటే వాళ్లకు ఇంకా ఆశ మిగిలే ఉంటుంది, దాంతో అంతా అస్తవ్యస్తమవుతుంది. మంచి కోర్సు దీన్ని కూడా నటింపజేసి నేర్పుతుంది.

నర్సులు, 108 సిబ్బంది చేరవచ్చా?

డాక్టర్ల కోర్సులో కాదు, వాళ్లకు వేరే కోర్సులు ఉన్నాయి. కానీ సిమ్యులేషన్ రోజున వాళ్లూ కలిసి చేయాలి. రాత్రి మీ పక్కన ఉండేది వాళ్లే కదా.

పరీక్ష ఎలా ఉంటుంది?

సాధారణంగా రాతపరీక్ష, ఈసీజీలు, ఎక్స్‌రేలు, ఆ తర్వాత గదికో కేసు పెట్టి చేయించే ప్రాక్టికల్. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ప్రాక్టికల్‌లోనే, అదీ తెలియక కాదు. ఊపిరి, రక్తప్రసరణ చూడకుండా నేరుగా జబ్బు పేరు వెతుకుతూ పోతారు.

కోర్సు అయిపోయాక మర్చిపోకుండా ఉండాలంటే?

సీపీఆర్ నైపుణ్యం నెలల్లోనే తగ్గిపోతుంది. కార్డుకు ఇంకా గడువుంది కదా అని ఊరుకోవద్దు. నెలకోసారి మీ క్యాజువాలిటీలోనే, మీ సిస్టర్లు, వార్డు బాయ్‌తోనే పావుగంట డ్రిల్లు పెట్టండి. బొమ్మ లేకపోతే తలగడతో చేయండి. ప్రతి డ్యూటీ మొదట్లో అత్యవసర మందులు, పరికరాలు ఉండే క్రాష్ కార్ట్‌ను మీ చేత్తో మీరే తెరిచి చూడండి. లారింగోస్కోపు బల్బు వెలుగుతోందా, ఆంబూ బ్యాగుకు మాస్కు ఉందా, సిలిండర్ తెరిచే స్పానర్ దానికే కట్టి ఉందా, అడ్రినలిన్, అట్రోపిన్ గడువు దాటాయా. యాంటీవీనమ్ వయల్స్ లెక్క రిజిస్టర్‌లో ఉన్నట్టే ఫ్రిజ్‌లోనూ ఉండాలి. పాముకాటుకు మొదటి మోతాదే 8 నుంచి 10 వయల్స్, పిల్లలకైనా పెద్దలకైనా అంతే. అంతకు తక్కువగా ఉంటే ఆ రాత్రే ఇండెంట్ రాసి, పక్క ఆసుపత్రిలో ఎన్ని ఉన్నాయో ఫోన్ చేసి కనుక్కుని బోర్డు మీద రాసిపెట్టండి.